రెండు కార్లకు నాలుగు చక్రాలు

"ఈ చక్రాలు బిగించిన మహానుభావుడు ఎవరు?"

ఆమె మా టైర్ల షాపులోకి వస్తూనే అన్న మాట అది. మంగళవారం పొద్దున్న, సన్నగా జల్లు పడుతోంది. షట్టరు ఇంకా సగమే లేచింది. బ్యాలెన్సింగ్ మిషన్ దగ్గరున్న ఇద్దరు మెకానిక్కులూ తలలు వంచుకుని ఎక్కడలేని శ్రద్ధతో పనిలో పడ్డారు. షాపు యజమానురాలైన మా పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది నేను. నిజానికి ఆ చక్రాలు బిగించింది కూడా నేనే.

చెయ్యెత్తాను. బడిలో చదువుకునే రోజుల్లో కూడా అంత బుద్ధిగా చెయ్యెత్తిన గుర్తు లేదు.

ఆమె నన్ను పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చూసింది. ఆ చూపుకి నా చొక్కా మీది గ్రీజు మరకలు రెట్టింపయినట్టు అనిపించింది. బయట ఆగి ఉన్న తెల్ల కారు నాకు బాగా తెలుసు. నెత్తిమీద డ్రైవింగ్ స్కూలు బోర్డు, పక్క సీటు ముందు టీచరు తొక్కడానికి ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు. డ్రైవరు సీట్లో అరవైకి దగ్గరపడ్డ ఒకావిడ స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు కూర్చుని ఉంది.

ఫిర్యాదు మొదలైంది. ట్రైనింగ్ కోసం ఆమె పది రోజులు వేరే ఊరు వెళ్ళి వచ్చేసరికి స్కూలు కారుకి ఈ పెద్ద చక్రాలు ఉన్నాయట. అప్పట్నుంచీ స్టీరింగ్ తిప్పాలంటే విద్యార్థుల భుజాలు నొప్పెడుతున్నాయట. చివరిదాకా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుని గరగరమంటోందట. మలుపు దగ్గర వచ్చే పోయే బళ్ళ వేగం చూపించే బోర్డు ఒకటి ఉంది కదా, దాని ముందు నుంచి ఆమె మీటరు చూసుకుంటూ సరిగ్గా నలభైలో వెళ్ళిందట. బోర్డు మాత్రం ఎర్రటి అంకెల్లో నలభై మూడు చూపించిందట. అదీ వెనక సీట్లో ఇద్దరు విద్యార్థులు కూర్చుని చూస్తుండగా.

నాలుగోది చెప్పేముందు ఆమె గొంతు తగ్గించింది. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించబోతే ఇంజను ఆగిపోతోందట.

కొందరికి కళ్ళు నచ్చుతాయి, కొందరికి నవ్వు నచ్చుతుంది. మా షాపుకి వచ్చేవాళ్ళందరూ "ఏదో చప్పుడొస్తోంది, చూడు" అని తాళాలు విసిరేసి ఫోను పట్టుకుని కూర్చుంటారు. ఈమె నాలుగు లక్షణాలు వరస తప్పకుండా చెప్పింది. నాలుగూ కరెక్టే. ప్రేమలో పడటానికి నాకు అది చాలా ఎక్కువ.

"మా నాన్న మొహమాటస్తులు. అది చూసి అమ్ముడుపోని సరుకు అంటగట్టారు. అంతేనా?" అంది.

నోరు తెరిచి మళ్ళీ మూసేశాను. నా దగ్గర సమాధానం ఉంది. చెప్పనని మాటిచ్చాను, అదే వచ్చిన చిక్కు.

ఎవరికి మాటిచ్చానో చెప్పకపోతే మీరూ నన్ను ఆమె లాగే అపార్థం చేసుకుంటారు. రెండు వారాల క్రితం వాళ్ళ నాన్న ఒక్కడే కారు తెచ్చాడు. ముప్పై ఏళ్ళు బస్సు తోలి రిటైరై, ఆ తర్వాత డ్రైవింగ్ స్కూలు పెట్టిన మనిషి. అందరూ మాస్టారు అంటారు. ఇంకా పెద్ద కార్లకు వేసే పదహారు అంగుళాల రిమ్ముల సెట్టు చూపించి అది కావాలన్నాడు. బోల్టుల వరస సరిపోయింది, కాదనలేను. కానీ నాకు తెలిసింది చెప్పాను. రిమ్ము పెరిగితే దాని చుట్టూ ఉండే టైరు గోడ ఆ మేరకు తగ్గాలి, మొత్తం చక్రం ఎత్తు మారకూడదు అన్నాను. ఆయనకి సరిగ్గా ఆ ఎత్తే కావాలట. పికప్ పోతుంది, మీటరు తప్పు చూపిస్తుంది అన్నాను. నేను బస్సెక్కేనాటికి నువ్వు పుట్టావా అన్నాడు. పుట్టలేదు. బిగించాను. వెళ్తూ వెళ్తూ, ఇది ఆయన కోరి వేయించుకున్నాడని వాళ్ళమ్మాయికి తెలియనివ్వద్దని, టైం చూసి తనే చెప్పుకుంటానని నా చేత మాట తీసుకున్నాడు. ఎందుకన్నది మాత్రం చెప్పలేదు.

ఆ టైం ఇంకా రాలేదన్నమాట.

పాత చక్రాలు తిరిగివ్వమంది ఆమె. వాటిని మర్నాడే ఎవరో కొనుక్కుపోయారు. అదే సైజు రిమ్ములు తెప్పించాలంటే వారం పైన పడుతుందని పిన్ని చెప్పింది. ఆమె కారు వైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, డ్రైవరు సీట్లో ఉన్నావిడ వాళ్ళమ్మ అని, శుక్రవారం ఆవిడకి లైసెన్సు పరీక్ష అని. పెళ్ళయినప్పట్నుంచీ పక్క సీట్లోనే కూర్చున్న మనిషి. ఊరి అవతలి కొసన ఆవిడ అక్క మంచంలో ఉంది. అక్కని చూడాలంటే రెండు బస్సులు మారాలి, లేదా భర్తకి తీరిక దొరకాలి. ఎవర్నీ అడక్కుండా వెళ్ళి అక్క పక్కన ఒక గంట కూర్చుని రావాలి, అంతే ఆవిడ కోరిక. ఊరందరికీ నేర్పిన మాస్టారు ఇంట్లో మనిషికి నేర్పలేదు. కూతురు నేర్పింది. ఈ చక్రాలు పడేదాకా అమ్మ చక్కగా తోలిందట. ఇప్పుడు రోజూ ఎత్తు మీద బండి ఆగిపోతోందట, శుక్రవారం పరీక్ష తప్పితే ఇంక ఆ సీట్లో కూర్చోనని అంటోందట.

"ఆవిడ తప్పు కాదది," అన్నాను.

"నాకు తెలుసు. ఆవిడకి చెప్పండి," అంది ఆమె.

మా షాపు వెనక గోడౌనుకి ఎత్తెక్కే దారి ఉంది. ముగ్గురం అక్కడికి వెళ్ళాం. అమ్మ డ్రైవరు సీట్లో, ఆమె పక్కన, నేను వెనక. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. సగం ఎత్తులో ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఆవిడ పైకే లెక్కపెడుతూ క్లచ్చు వదలడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అది కూతురు నేర్పిన పద్ధతి. తొమ్మిది అనేసరికి కాలు పూర్తిగా పైకి రావాలి, బండి కదలాలి. ఏడుకి కారు వణికింది. ఎనిమిదికి ఇంజను ఆగిపోయింది.

"చూశారా బాబూ, నా కాలు మొద్దుబారిపోయింది," అంది ఆవిడ. అలా అంటూ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

నాకు మాటల్లో చెప్పడం రాదు, కొలిచి చూపించడం వచ్చు. నన్ను షాపులో అంగుళం అని పిలిచేది అందుకే. కారుని సమంగా ఉన్న చోటుకి తెప్పించి, టైరు మీద సుద్దతో ఒక గీత గీసి, నేల మీద ఒక గీత గీసి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా తోయించాను. టేపు పెట్టి కొలిచాను. పాత చక్రం చుట్టుకి వెళ్ళే దూరం కన్నా ఇది ఐదంగుళాలు ఎక్కువ వెళ్ళింది.

"ఇంజను మారలేదమ్మా. అది ఎప్పటిలాగే తిరుగుతోంది. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ అది బండిని ఐదంగుళాలు ఎక్కువ లాగాలి. సైకిల్‌ని పెద్ద గేరులో పెట్టి ఎత్తెక్కండి, ఎవరి కాలైనా ఆగిపోతుంది. మీటరుకి ఈ సంగతి తెలీదు, అది పాత చక్రం లెక్కే చెప్తోంది."

ఆవిడ టేపు వైపు చాలాసేపు చూసింది. కూతురు మాత్రం నా వైపు చూసింది. పొద్దున్న చూసిన చూపు కాదది. ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు.

"ఇంత తెలిసిన మీరే ఎందుకు బిగించారు మరి?"

మళ్ళీ నోరు మూసుకున్నాను. ఆమె ముఖం మళ్ళీ గంటు పెట్టుకుంది.

పదకొండు దాకా లెక్కపెట్టి వదలమని చెప్పి చూసింది అమ్మకి. ఒకసారి కదిలింది, రెండుసార్లు ఆగింది. ఇన్ని రోజులు తొమ్మిదికి అలవాటుపడ్డ కాలు ఇప్పుడు పదకొండంటే వింటుందా అంది ఆవిడ, అందులో న్యాయం ఉంది. నాకు అప్పుడు తట్టింది. నా కారు కూడా అదే మోడల్, అదే వయసు. దాని కింద కంపెనీవాడు ఇచ్చిన చక్రాలే ఉన్నాయి.

గురువారం సాయంత్రం కారు పంపండి, పాత సైజు చక్రాలు వేసిస్తాను అన్నాను. వారం పైన పడుతుందన్నారుగా అని ఆమె అనుమానంగా అడిగింది. ఒకచోట ఉన్నాయి అన్నాను. ఈసారి ఏం అంటగడతారో చూస్తాను అని వెళ్ళిపోయింది. కారు వీధి మలుపు తిరిగేదాకా నేను వానలోనే నిలబడ్డాను. పిన్ని గొడుగు ఇవ్వకుండా నవ్వింది.

గురువారం ఆమెకి క్లాసు ఉందట, కారుని మాస్టారే తెచ్చాడు. నేను నా కారుని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి చక్రాలు విప్పి దొర్లించుకొస్తున్నాను. ఆయన కాసేపు ఆ కారునీ ఈ కారునీ చూశాడు. మనిషికి అర్థమైంది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

అమ్మాయి నిన్నేమన్నా అందా అని అడిగాడు. అంది అన్నాను. నువ్వు చెప్పేశావా అని అడిగాడు. చెప్పలేదు అన్నాను. ఆయన తల దించుకుని నేల మీది బోల్టులు ఏరి ఒక్కొక్కటే నా చేతికి ఇవ్వసాగాడు.

"బస్సు దిగాక అన్నీ నా కన్నా ఎత్తుగా కనబడుతున్నాయయ్యా," అన్నాడు కాసేపటికి. "ముప్పై ఏళ్ళు రోడ్డుని పైనుంచి చూశాను. ఇప్పుడు ఆటోవాడు కూడా నన్ను పైనుంచి చూస్తున్నాడు. ఇంట్లో ఆవిడ స్టీరింగ్ పట్టుకుంది, సంతోషమే. కానీ నేను పక్క సీట్లోకి వెళ్ళాను చూడు, అక్కడ్నుంచి ఏమీ కనబడలేదు. కాస్త పైకి లేస్తే బాగుంటుందనుకున్నాను."

పెద్ద చక్రాలతో కారు లేచింది ఎంతో నాకు తెలుసు. రెండు సెంటీమీటర్లు, బొటనవేలి మందం. ఆ మాట ఆయనకి చెప్పబుద్ధి కాలేదు. ఇంకో మాట మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను.

"మాస్టారూ, బండి ఆగిన ప్రతిసారీ అమ్మగారు అది తన కాలి తప్పనుకుంటున్నారు. నేను కొలిచి చూపించాను. అయినా నమ్మినట్టు లేదు."

 ఆయన చివరి బోల్టు నా చేతిలో పెట్టి, అది బిగించాక కారెక్కి వెళ్ళిపోయాడు.

చక్రాలు మార్చాక కొంత దూరం తిరిగి, బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించాలి. ఇది మా వృత్తిలో నియమం. కాబట్టి శుక్రవారం పొద్దున్న పానా సంచిలో పెట్టుకుని పరీక్ష జరిగే చోటుకి బస్సులో వెళ్ళాను. బోల్టుల కోసమే వెళ్ళానని పిన్నితో అంటే, తల దువ్వుకున్నది కూడా బోల్టుల కోసమేనా అని అడిగింది.

అక్కడ సిమెంటు ఎత్తు తడిసి నల్లగా ఉంది. మా ముందు వరసలో నాలుగు కార్లు. కారు పక్కన అమ్మ నిలబడి అరచేతులు చీరకి తుడుచుకుంటోంది, మాస్టారు కూడా వచ్చాడు. కూతురు నన్ను చూసి ఆశ్చర్యపోయింది కానీ పొమ్మనలేదు. నేను కింద కూర్చుని బోల్టులు బిగిస్తుంటే మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నీ కాలిది కాదు," అన్నాడు భార్యతో. "ఆ పెద్ద చక్రాలు నేనే అడిగి వేయించాను. ఈ అబ్బాయి వద్దని చెప్పినా వినలేదు. ఎవరికీ చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను. ఇప్పుడు దీని కింద ఉన్నవి అతని సొంత కారువి."

నా పానా చేతిలోంచి జారింది.  ముందున్న కారు ఒక అడుగు కదిలింది.

"మీరేనని నాకు మొదటి రోజే తెలుసు," అంది ఆవిడ నెమ్మదిగా. "పక్క సీట్లో మెడ సాచి కూర్చోవడం చూశాను. మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నాను. కానీ ఏవండీ, అందువల్లే బండి ఆగుతోందని ఈ అబ్బాయి కొలిచి చూపించినా నాకు నమ్మకం కుదరలేదు. మీరు నోరు విప్పుంటే నేను ఇన్ని రోజులు నన్ను తిట్టుకునేదాన్ని కాదు."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. వానచినుకు అన్నాడు. ఆ క్షణంలో వాన పడటం లేదు.

ఆవిడ వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నాడు, కారు వెళ్ళింది. మేం ముగ్గురం రేకుల కింద నిలబడ్డాం. మాస్టారు గోడకి ఆనుకుని, కుడికాలితో లేని బ్రేకుని తొక్కుతున్నాడు. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది.

"చెప్పచ్చు కదా," అంది.

"మాటిచ్చాను."

"నేను అన్ని మాటలన్నాను. కోపం రాలేదా?"

"వచ్చింది. మీరు నాలుగు లక్షణాలూ కరెక్టుగా చెప్పారు కదా, అందుకని పోయింది."

ఆమె నవ్వాపుకుంది. చూశాను. తర్వాత ఇద్దరం ఇంకేమీ చూడలేదు, కారు ఎత్తు మధ్యలో ఆగింది. వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి. నావి కూడా కదులుతున్నాయని కాసేపటికి తెలిసింది. ఐదు. ఆరు. కారు వెనక్కి ఒక వేలంత జారింది, ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఎనిమిది. ఇంజను గొంతు కాస్త బరువెక్కింది. తొమ్మిది అనేసరికి కారు వణకకుండా, తొణకకుండా పైకి వెళ్ళిపోయింది.

పరీక్ష ప్యాసయిందని కాగితం ఆవిడ చేతికి వచ్చింది. డ్రైవరు సీట్లో కూర్చుని కూతురిని పక్కకి రమ్మంది. ఇప్పుడు ఎక్కడికి అని మాస్టారు అడిగాడు. మా అక్క దగ్గరికి, మీరు వస్తారా అంది. ఆయన వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. బస్సు నడిపిన మనిషి వెనక సీట్లో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. కారు కదిలాక ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, నేను ఇంటికెలా వెళ్తానని అడిగింది. బస్సులో అన్నాను. నా మోచెయ్యి ఇంకా వెచ్చగా ఉంది, నడిచి కూడా వెళ్ళగలను.

తొమ్మిదో రోజుకి కొత్త రిమ్ములు వచ్చాయి. ఫోన్ చేసి చెప్పాను.  క్లాసులు ఎక్కువగా ఉన్నాయని, కారు ఇప్పుడు పంపడం కుదరదని చెప్పింది ఆమె. మరి నా కారు స్టాండ్ల మీదే ఉంది కదా అన్నాను. పొద్దున్న ఏడింటికి క్లాసు మొదలు, ఆరున్నరకి మీ వీధి చివర ఉంటాను అంది. సాయంత్రం కూడా అదే దారిన వెళ్తుందట. ఆ దారి ఆమె ఇంటికి ఏ మాత్రం దారి కాదని నాకు తెలుసు. నేను కొలతల మనిషిని.

అలా నెల గడిచింది. నా చక్రాల మీద నడిచే ఆమె కారులో, నేను పక్క సీట్లో. క్లచ్చు మీద పాదం పెట్టొద్దని రోజుకి మూడుసార్లు తిట్టేది. ఒకరోజు వాన పెద్దదై రోడ్డు పక్కన ఆపాల్సి వచ్చింది. అద్దాలన్నీ మసకబారాయి. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. ఆమె సరిగ్గా అప్పుడే అద్దం తుడిచి, వాన తగ్గింది పోదామా అంది. తగ్గలేదు. నేను పోదాం అన్నాను. ఆ రాత్రి నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. ఆమె లేకుండా ఒక రోజు గడపడం నా వల్ల కాదని అప్పటికి నాకు బాగా తెలుసు.

పిన్ని రోజూ గోల పెట్టేది, విప్పిన పెద్ద చక్రాలు అమ్ముడుపోయినా చక్రాల్లేని నా కారు మాత్రం షాపులో సగం చోటు ఆక్రమించిందని. రిమ్ములు ఎందుకు బిగించవురా అని అడిగితే వాళ్ళకి తీరిక లేదు అనేవాణ్ణి. ఎవరికి తీరిక లేదో నాకు తెలుసులే అనేది.

ఒక మధ్యాహ్నం తెల్ల కారు వచ్చి ఆగింది. దిగింది ఆమె కాదు, వాళ్ళమ్మ. ఒక్కతే. అక్కని చూసి వస్తూ దారిలో ఆగానంది. స్టాండ్ల మీదున్న నా కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత గోడ వారన అట్టపెట్టెల్లో ఉన్న రిమ్ముల దగ్గర ఆగి, పెట్టె మీది తేదీ చదివింది.

"ఇవి వచ్చి నెలైందా బాబూ?"

అయిందన్నాను.

"ఇంకా రాలేదని చెప్తోంది మా అమ్మాయి ఇంట్లో. కంపెనీవాళ్ళని రోజూ తిడుతోంది కూడా."

నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ నా అవస్థ చూసి, పిన్ని వైపు తిరిగి, మీకూ తెలుసా అన్నట్టు చూసింది. పిన్ని కళ్ళజోడు తుడుచుకోలేదు. నేరుగా తలూపింది.

"అయితే ఇవాళ మార్చేయండి," అంది ఆవిడ నాతో. "ఎవరి చక్రాలు వాళ్ళకి. ఆదివారం మీ పిన్నిగారిని తీసుకుని మా ఇంటికి రావాలి. ఆవిడని బస్సులో తెస్తే బాగుండదు కదా. మాస్టారితో నేను చెప్పాను. ఆయన నిన్ననే సోఫా కుర్చీలు జరిపి చూసుకున్నారు."

ఎనిమిది చక్రాలు మార్చడానికి నాకు మామూలుగా గంట పట్టదు. ఆ రోజు రెండు గంటలు పట్టింది. ఒక బోల్టు రెండుసార్లు కింద పడింది, మెకానిక్కులిద్దరూ ఆ పూటంతా పని మానేసి నన్నే చూశారు.

అమ్మగారు వెళ్ళిపోయిన కాసేపటికి ఆమె ఫోన్ చేసింది. సాయంత్రం ఆరింటికి ఆటోలో అయినా వస్తాను, ఉండండి అంది. వాళ్ళమ్మ కారు తీసుకెళ్ళింది కదా, ఆమెకి ఇంకేమీ తెలిసినట్టు లేదు. నా కారు నేల మీదకి దిగిందని చెప్పాను. ఎవరు దింపారు అంది. మీ అమ్మగారు అన్నాను. ఆదివారం పిన్నితో రమ్మన్నారని కూడా చెప్పేసి, నెల రోజులుగా గొంతులో ఉన్న మాట బయటపెట్టాను.

"మీరంటే నాకు చాలా ఇష్టం. మొదటి రోజు నుంచీ. చెప్పడం రాక ఊరుకున్నాను."

 అవతల రోడ్డు మీద ఎవరో తప్పు గేరు వేస్తే బండి అరిచిన చప్పుడు వినిపించింది. 

"కంపెనీవాళ్ళని నెల రోజులు తిట్టాను," అంది చివరికి. "ఇంకా చెప్పడం ఏమిటి, అర్థం కాలేదా? ఆదివారం ఆలస్యం చేయకుండా రా."

రండి అనలేదు. రా అంది. నేను ఫోను చెవికి అలాగే పెట్టుకుని, వస్తాను అన్నాను.